కళ్ళా, కాళ్ళా?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్ళు, హాస్టల్లో ఉంటాడు. మొన్న రాత్రి ఏవో నొప్పిగా ఉన్నాయని ఇంగ్లీషు అక్షరాల్లో మెసేజ్ పెట్టాడు. అందులో మాట కె-ఎ-ఎల్-ఎల్-యు. కళ్ళో కాళ్ళో తెలియలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు, తెల్లవార్లూ నాకు కునుకు లేదు. (కాళ్ళట. ఆటలో బెణికిందట.) సెలవుల్లో తాతయ్యకు ఉత్తరం రాయమంటే వెళ్ళానుని ‘వెల్లాను’, ప్రయాణాన్ని ‘ప్రయానం’, పాఠాలని ‘పాటాలు’ అని రాశాడు. పదో తరగతిలో తెలుగులో మంచి మార్కులు తెచ్చుకున్నవాడే. ఫోన్ లాగేసుకోమంటారా?
– పేరు వద్దన్న ఒక తల్లి

జవాబు: వద్దమ్మా. ఆ ఉత్తరం ఇంకోసారి చూడండి. మీవాడు ఎక్కడ పడితే అక్కడ తప్పు రాయలేదు. ల, ళ రెండింటికీ ఇంగ్లీషులో ఒకటే అక్షరం. న, ణ అంతే. ట, ఠ, త, థల మధ్య తేడా చూపేంత ఓపిక మెసేజ్ పెట్టేవాళ్ళకు ఉండదు, దీర్ఘాల సంగతి సరేసరి. చదివేవాళ్ళు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. అలా ఏళ్ళ తరబడి, ఇది లనా ళనా అని ఆలోచించే పనే పడలేదు ఆ వేళ్ళకి. నోటికి ళ బాగానే పలుకుతుంది, చేతికే అలవాటు తప్పింది.

ఇంగ్లీషులో కొడితే తెలుగులోకి మార్చే కీబోర్డు ఉందిగా అంటారేమో. అది సగం మేలు. కళ్ళు, కాళ్ళు, కల్లు అని వరసగా చూపిస్తుంది, మనం ఒకటి ముట్టుకుంటాం. చూసి గుర్తుపట్టడం వేరు, గుర్తు తెచ్చుకుని రాయడం వేరు.

నేను చెప్పేది తెలుగు అక్షరాలే ఉన్న కీబోర్డు. కంప్యూటర్లో దాని పేరు ఇన్‌స్క్రిప్ట్: ఎడమవైపు అచ్చులు, గుణింతం గుర్తులు, కుడివైపు హల్లులు. ఫోన్‌లో కూడా కీబోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి తెలుగు అక్షరాల పలక ఎంచుకోవచ్చు. దీని మేలంతా ఒత్తుల్లో ఉంది. కంప్యూటర్లో ప్రపంచ భాషల అక్షరాలకు సంకేతాలిచ్చే పద్ధతి యూనికోడ్. 1991లో వచ్చిన తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దొరికింది, కానీ ఒత్తులకు విడిగా సంకేతాలు ఇవ్వలేదు. హల్లు, పొల్లు, మళ్ళీ హల్లు అని పలికే వరసలో కొడితే ఒత్తు దానంతటదే కిందికి చేరుతుంది. ‘స్త్రీ’ రావాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు. చిన్నప్పుడు పలక మీద సంయుక్తాక్షరాలు విడదీయించారే, అదే పని. తెలియకుండా ఒక్క ఒత్తు కూడా పడదు.

నేను మొదలుపెట్టిన వారం ఒక్కో వాక్యానికి ఐదేసి నిమిషాలు పట్టింది, మానేద్దామనుకున్నాను. అంతకుముందు ‘విద్యార్థి’లో థ రాయాలో ధ రాయాలో ప్రతిసారీ తడుముకునేదాన్ని. నా చేత్తో ఆ థ వెతికి నొక్కడం మొదలయ్యాక ఇక మరవలేదు.

మీవాణ్ణి అన్ని మెసేజ్‌లూ ఇలాగే పెట్టమనకండి, స్నేహితుల దగ్గర వేగం కావాలి, వినడు. మీకూ తాతయ్యకూ పెట్టేవి మాత్రం తెలుగు అక్షరాల్లో పెట్టమనండి. ‘వెల్లాను’ అని వస్తే పాఠం చెప్పకుండా ‘ఎప్పుడు వెళ్ళావు నాన్నా?’ అని మీరు జవాబివ్వండి. అంటే మీరూ ఆ పలక నేర్చుకోవాలి మరి!

ప్రశ్న: మా అమ్మ చదవగలదు, రాయలేదు. మాట్లాడితే రాసిపెట్టే మైకు బటన్ చూపించాను. ఇక రాయడం ఎందుకంటోంది. తప్పు చేశానా?
– ఒక కూతురు

జవాబు: ఏం తప్పు లేదండీ. మా అమ్మా అంతే, రోజూ మైకుతోనే నాకు కబుర్లు పంపేది. ఒకరోజు తను అన్న మాట ఒకటైతే తెర మీద ఇంకోటి పడింది. చదవడం వచ్చు కదా, పట్టేసింది. “నేను అనని మాట నా పేరు మీద ఎందుకు వెళ్ళాలే? ఆ అక్షరం ఎలా మార్చాలో చెప్పు” అంది. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక్క అక్షరమే మార్చాం. ఇప్పుడు చెప్పి, చదువుకుని, తప్పు దిద్దాకే పంపుతుంది. మీ అమ్మగారికి మైకుతో పాటు చెరిపే బటన్ కూడా చూపించండి.