గుడ్డు పడని పిల్లడి అమ్మకి

అమ్మడూ,

పిల్లడికి గుడ్డు ఎలర్జీ అని టెస్టుల్లో తేలిందని ఫోన్లో ఒకటే ఏడుపు, అలాంటప్పుడు ఏం చెప్పినా బుర్రకెక్కదని ఇలా రాస్తన్నా, కుదురుగా చదువుకో. మా పెద్దోడికీ ఇదే ఉండేది కదా.

ఇది అరగకపోవడం కాదు, వేడి చెయ్యడం కాదు. గుడ్డులో ప్రొటీన్లు ఉంటాయి, ముఖ్యంగా తెల్లసొనలో, వాటిని పిల్లడి ఒళ్ళు విషం అనుకుని తిరగబడతాది. అందుకే తిన్న నిమిషాల్లోనో రెండు గంటల్లోపో దద్దుర్లు, పెదాలు వాపు, వాంతులు. మీ అత్తగారు దిష్టి అంటే దిష్టి తియ్యనీ, కానీ మందు ఆపొద్దు. పచ్చసొన ఒక్కటీ పెట్టొచ్చు అనేవాళ్ళ మాట వినకు, రెండూ పూర్తిగా వేరు చెయ్యడం ఎవరివల్లా కాదు. బాతు గుడ్డు, కౌజుపిట్ట గుడ్డు కూడా వద్దు. కోడి కూర చాలామందికి పడతాది, అయినా డాక్టర్ని అడిగే పెట్టు.

నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం మనోళ్ళ ప్రేమే అమ్మా. పైడితల్లమ్మ పండక్కి ఇల్లంతా చుట్టాలే, ఒకరు కేకు ముక్క నోట్లో పెడతారు, ఇంకొకరు ఆమ్లెట్ తిన్న చేత్తోనే ముద్ద కలిపి పెడతారు, వద్దంటే "ఒక్క ముక్కకి ఏటవద్ది, అలవాటు చెయ్యాల" అంటారు. మొహమాటపడకు. పెద్దోళ్ళు నొచ్చుకుంటే తర్వాత కాళ్ళకి దండం పెట్టుకోవచ్చు, ముందు ఆ ముక్క ఆపు. పిల్లడికి కూడా ఇప్పట్నుంచే నేర్పు, "అమ్మని అడిగి తింటా" అని చెప్పమను.

బయట కొనేవాటిలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే గుడ్డు వెయ్యలేదని అర్థం, మన దేశంలో గుడ్డు వేసినదానికి ఆ చుక్క వెయ్యకూడదు, అయినా వెనకాల ఎలర్జీ సంగతి రాసిన లైన్ కూడా చదువు. బేకరీలో విడిగా అమ్మేవాటికి అదీ ఉండదు. ఫ్రైడ్ రైస్ బండి దగ్గర అదే మూకుడు, అదే గరిట, అందుకని వెజ్ అన్నా వద్దు. మయొనీస్ లో కూడా చాలావాటికి గుడ్డు ఉంటాది.

కేకులో బాగా ఉడికిన గుడ్డు కొంతమంది పిల్లలకి పడతాది, అది నిజమే, ఆ మాట విని ఇంట్లో పెట్టి చూద్దాం అనుకోకు, హాస్పిటల్లో డాక్టర్ ఎదురుగానే పెట్టి చూడాలి. మా వాడికి హైస్కూల్ కి వచ్చేసరికి తగ్గింది, విశాఖ తీసుకెళ్ళి టెస్ట్ చేయించాకే గుడ్డు మొదలెట్టాం. చాలామందికి పెద్దయ్యేకొద్దీ తగ్గిపోద్ది. తట్టు టీకా గుడ్డు ఎలర్జీ ఉన్నా వేయించొచ్చు, ఏఎన్ఎమ్ కి ఎలర్జీ సంగతి ముందే చెప్పు అంతే. బలం తగ్గిపోద్దని బెంగ వద్దు, పప్పు, చోడి (రాగి) అంబలి, పాలు, చేపలు, వీటిలో పిల్లడి ఒంటికి సరిపడేవి పెట్టు.

ఉత్త దద్దుర్లే అయితే డాక్టర్ రాసిన సిరప్. ఊపిరి ఆడకపోయినా, గొంతు మారినా, పిల్లడు మగతగా వాలిపోయినా సిరప్ తో కూర్చోకు, అడ్రినలిన్ ఇంజెక్షనే మందు, తొడ బయటివైపు వెయ్యాలి. అది ఇంట్లో ఉంచుకోవాలా, ఎంత డోసు, ఎలా వెయ్యాలి అని డాక్టర్ దగ్గర కూర్చుని నేర్చుకో, మీ ఆయన్ని కూడా నేర్చుకోమను. వేసేసి 108 కి ఫోన్ చెయ్యి, పడుకోబెట్టు, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టు, నడిపించకు. తేరుకున్నా హాస్పిటల్ కి వెళ్ళాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టొచ్చు.

అంగన్వాడీలో గుడ్డు పెడతారు కాబట్టి టీచర్ కి, ఆయాకి ఇద్దరికీ చెప్పు, నోటిమాట కాదు, డాక్టర్ చీటీ జెరాక్స్ మీద నీ నంబరు, మీ ఆయన నంబరు పెద్దగా రాసి ఇయ్యి. పక్క పిల్లలు గుడ్డు తిన్న చేతులు కడుక్కునేలా చూడమని అడుగు. సోమవారం బేగి వెళ్ళి ఈ పని చేసేయి, చేశాక నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ