కార్పల్ టన్నెల్ ఆపరేషన్‌ను ఎంతకాలం వాయిదా వేయవచ్చు? రెండు చేతులకూ చేయించుకున్న నా అనుభవం

కుడిచేతి వేళ్లు ఏడాదిగా రాత్రిళ్లు తిమ్మిరెక్కి నిద్ర పట్టనివ్వడం లేదనీ, నరాల పరీక్ష చూసిన డాక్టరు ఆపరేషన్ చేయించుకోమన్నారనీ, అయితే ఈమధ్య నొప్పి కాస్త తగ్గింది కాబట్టి ఇంకొన్నాళ్లు ఆగవచ్చా అనీ, చేయించుకుంటే చేయి మామూలు కావడానికి ఎంతకాలం పడుతుందనీ మీరు అడిగారు. నేను కుట్టుపని మీద బతికే మనిషిని. ఈ ఆపరేషన్ నాకు రెండు చేతులకూ అయింది. కుడిచేతికి ఆలస్యంగా చేయించుకున్నాను, ఎడమచేతికి సకాలంలో చేయించుకున్నాను. అందుకే మీరు రాసినదంతా చదివాక "నొప్పి కాస్త తగ్గింది" అన్న మాటే నన్ను కలవరపెట్టింది.

నాకూ అలాగే తగ్గింది. మొదట్లో తెల్లవారుజామున లేచి, చేతిని మంచం పక్కకు వేలాడదీసి విదిలిస్తే గాని తిమ్మిరి వదిలేది కాదు. రెండో ఏడు వచ్చేసరికి ఆ మెలకువలు తగ్గాయి, నయమవుతోందని సంతోషించాను. ఆ రోజుల్లోనే పగటిపూట కూడా వేళ్ల కొసలు మొద్దుబారి ఉండడం మొదలైంది. సూది వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో కళ్లతో చూస్తే గాని తెలిసేది కాదు, గుండీ పెట్టుకోవడానికి అద్దం కావలసి వచ్చేది. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండ పలచబడిందన్న సంగతి ఇంట్లోవాళ్లు చూసి చెప్పేవరకు నేను గమనించలేదు.

మణికట్టు దగ్గర చిన్న ఎముకలు అడుగున, గట్టి లిగమెంటు (ఎముకలను కలిపే పట్టీ) పైకప్పుగా ఉండే ఇరుకైన దారి ఒకటి ఉంటుంది, దాన్నే కార్పల్ టన్నెల్ అంటారు. వేళ్లను ముడిచే 9 స్నాయువులు, వాటితోపాటు మీడియన్ నరం ఆ దారిలోనుంచే అరచేతిలోకి వెళతాయి. లోపల ఒత్తిడి పెరిగితే నలిగేది నరమే. ఒత్తిడి కొద్దికాలమే ఉంటే నరం పైపొర దెబ్బతిని కబురు నెమ్మదిగా నడుస్తుంది, అది తిరిగి బాగుపడుతుంది. ఏళ్ల తరబడి ఉంటే లోపలి తంతువులే క్షీణిస్తాయి, అప్పుడు నొప్పి తగ్గి మొద్దుతనం మాత్రమే మిగలవచ్చు. కాబట్టి ఆగాలా వద్దా అన్నదానికి నొప్పిని కొలతగా పెట్టుకోవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

ఆగదగిన పరిస్థితి లేకపోలేదు. తిమ్మిరి వచ్చి పోతూ, ముఖ్యంగా రాత్రిపూటే ఉండి, పట్టులో బలం తగ్గకపోతే, మణికట్టును తిన్నగా నిలిపి ఉంచే స్ప్లింట్‌ను రాత్రిళ్లు ఆరు వారాలపాటు వాడి చూడడం సమంజసమే. గర్భిణులకు వచ్చేది చాలావరకు కాన్పు తరువాత తగ్గుతుంది. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవాళ్లు ముందు వాటిని అదుపులోకి తెచ్చుకోవాలి. నా ఎడమచేతికి స్ప్లింట్ కొన్ని నెలలు పనిచేసింది, స్టెరాయిడ్ ఇంజెక్షన్ మరికొన్ని నెలలు ఉపశమనం ఇచ్చింది. బాధ తిరగబెట్టగానే, కుడిచేతి సంగతి గుర్తుంది కనుక, ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. అదే తిమ్మిరి పగలూ రాత్రీ వదలకపోయినా, బొటనవేలి కండ తగ్గుతున్నా ఆగడం వల్ల వచ్చే లాభం నాకు కనిపించదు. ఒక్క జాగ్రత్త చెప్పాలి. మీ చిటికెనవేలు కూడా తిమ్మిరెక్కుతుంటే, లేదా మెడ నుంచి నొప్పి దిగుతుంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి, ఎందుకంటే చిటికెనవేలికి వెళ్లేది వేరే నరం. నాకు మొదట మెడ సమస్య అని వైద్యం చేసి ఎనిమిది నెలలు గడిపేశారు.

ఆపరేషన్ గురించి భయపడవలసింది తక్కువ. చేతి వరకే మత్తు ఇచ్చి, అరచేతి మొదట్లో చిన్న గాటు పెట్టి ఆ లిగమెంటును కోసి వదులు చేస్తారు, చాలావరకు అరగంట లోపే అయిపోతుంది. ఎండోస్కోపీతో, అంటే సన్నని కెమెరా గొట్టం లోపలికి పంపి చేస్తే పనికి కొంచెం ముందుగా వెళ్లవచ్చు, దీర్ఘకాలంలో మాత్రం రెండు పద్ధతుల ఫలితమూ దాదాపు ఒకటే.

కోలుకోవడం అన్నది మూడు వేర్వేరు వేగాలతో జరుగుతుందని ముందే తెలిసి ఉంటే నేను అంత దిగులుపడేదాన్ని కాను. రాత్రి తిమ్మిరి ఆ వారంలోనే పోయింది. చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచుకోమనీ, వేళ్లను మొదటి రోజు నుంచే ముడిచి చాపుతూ ఉండమనీ చెప్పారు, రెండూ శ్రద్ధగా చేశాను. పన్నెండో రోజున కుట్లు విప్పారు. అసలు ఇబ్బంది ఆ తరువాత వచ్చింది. గాటుకు అటూ ఇటూ అరచేతి మొదలంతా లోతుగా నొప్పి పట్టుకుంది, చేయి ఆనించి కుర్చీలోంచి లేవలేకపోయాను. పట్టు ఆపరేషన్‌కు ముందున్నంత కూడా లేకపోవడంతో ఏదో పొరపాటు జరిగిందనుకుని ఏడ్చాను. అది చాలామందికి వచ్చేదే, కొన్ని నెలల్లో తగ్గేదే. గాయం పూర్తిగా మానాక మచ్చ మీద రోజూ వేలితో గుండ్రంగా మర్దన చేయడం నాకు మేలు చేసింది. ఆరో వారంలో పలచటి బట్ట కోయగలిగాను, మందపాటి బట్టకు పెద్ద కత్తెర పట్టడానికి మూడు నెలలు దాటింది. అయితే గాయం ఎర్రబడి చీము పట్టినా, జ్వరం వచ్చినా, వేళ్లు వాచి బిగుసుకుపోతున్నా మాత్రం ఎదురుచూడకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

స్పర్శ అన్నిటికంటే నిదానం. తెగిన తంతువు తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మణికట్టు నుంచి వేలి కొస వరకు ఎంత దూరమో కొలుచుకుంటే, నెలలు ఎందుకు పడతాయో మీకే తెలుస్తుంది. ఎడమచేతికి స్పర్శ కొద్ది వారాల్లోనే వచ్చింది. కుడిచేతికి ఏడాది పొడవునా కొద్దికొద్దిగా మెరుగుపడి అక్కడితో ఆగింది. ఈనాటికీ చూపుడువేలు, మధ్యవేలు కొసల్లో దారం సన్నదో లావుదో పోల్చుకోలేను, ఆ పని ఎడమచేతికి అప్పజెప్పాను.

మీ రిపోర్టు పట్టుకుని డాక్టరును ఒక్క ప్రశ్న సూటిగా అడగండి: నరంలో కబురు నడిచే వేగం మాత్రమే తగ్గిందా, లేక కబురు బలం కూడా పడిపోయిందా? రెండోది నిజమైతే తంతువులు పోతున్నాయని అర్థం, అప్పుడు వాయిదా వేయవద్దు. ఆ కలయికకు ముందు, ఇవాళే, రెండు అరచేతులనూ వెలుతురులో పక్కపక్కన పెట్టి, బొటనవేళ్ల కింది కండ రెండింటా ఒకేలా ఉందో లేదో చూడండి.