మీ బిల్డింగ్‌లో పర్యావరణ కార్యక్రమం పెట్టే ముందు

అమ్మలూ,

పర్యావరణ దినోత్సవం బాధ్యత మీ అపార్ట్‌మెంట్ వాళ్లు నీ మీద పెట్టారని, నువ్వు తెగ హైరానా పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ప్లాన్ చూశాను. భూతాపం, అడవులు, సముద్రాలు, ప్లాస్టిక్, పులులు, చివర్లో పిల్లల డాన్స్. అన్నీ మంచివే, కానీ గంటన్నరలో ఇన్ని చెబితే వినేవాళ్లకు ఒక్కటీ మిగలదు. ఏళ్ల తరబడి ఈ వేళచ్చేరిలో ఇలాంటివి పెట్టిస్తూ వస్తున్నదాన్ని కాబట్టి చెప్తున్నా, నీళ్లు ఒక్కటే పట్టుకో. చెన్నైలో నీళ్ల గురించి మాట్లాడుతున్నారంటే పిలవనివాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు. ఇంకొకటి, కార్యక్రమం అయిన వారానికి మీ బిల్డింగ్‌లో ఏం మారి ఉండాలో ముందు అది తేల్చుకో, మైకూ కుర్చీలూ ఆ తర్వాత చూసుకోవచ్చు.

తేదీ సంగతి. జూన్ 5ను ఐక్యరాజ్యసమితి 1972లో ప్రకటించింది, 1973 నుంచి ప్రపంచమంతా జరుపుకుంటోంది, కాదనను. కానీ మన ఊళ్లో ఆ రోజుకి కత్తిరి ఎండలు పోయాయని పేరేగానీ ఉక్క తగ్గదు, సెలవులకు ఊళ్లకు వెళ్లినవాళ్లు అప్పుడప్పుడే తిరిగొచ్చి స్కూలు హడావుడిలో ఉంటారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ రోజు మొక్కలు నాటించాలన్న ఆలోచన మానుకో. మనకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్‌లో నాటిన మొక్క అప్పుడప్పుడు సాయంత్రం పడే జల్లు తప్ప నాలుగు నెలలు ట్యాంకర్ నీళ్ల మీదే బతకాలి, ఆ నీళ్లు ఎవరు పోస్తారు? కమిటీ వాళ్లు జూన్ 5నే అని పట్టుబడితే ఆ రోజు చిన్న మీటింగ్‌తో సరిపెట్టి, అసలు కార్యక్రమం ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో, వానలకు ముందు పెట్టించు.

ఆ రోజు అందరినీ హాల్లో కూర్చోబెట్టకు. వాననీటి గుంత చుట్టూ నిలబెట్టు. తమిళనాడులో 2003లోనే ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు, అందుకని గుంత మీ బిల్డింగ్‌లోనూ ఉంటుంది, కాకపోతే ఎక్కడుందో చాలామందికి తెలియదు, దాని మీద ఎవరి కారో ఆగి ఉంటుంది. ముందు వాచ్‌మన్‌ని అడుగు, ఆయనకు తెలుస్తుంది. ప్లంబర్‌ని పిలిచి అందరి ముందూ మూత తీయించు. లోపల పైన ఇసుక, కింద గులకరాళ్లు ఉంటాయి. ఏళ్లుగా శుభ్రం చేయకపోతే ఇసుక మీద ఒండ్రు పేరుకుని పేడ అలికినట్టు గట్టిపడి ఉంటుంది. పిల్లల చేత ఒక బకెట్ నీళ్లు పోయించు. నీళ్లు చూస్తూండగానే ఇంకిపోతే గుంత బతికున్నట్టు, అలాగే నిలబడితే పూడిపోయినట్టు. ఇది కళ్లతో చూసినవాళ్లు ఇక ఎవరి ఉపన్యాసమూ అడగరు, 'దీన్ని బాగుచేయడానికి ఎంతవుతుంది?' అని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిందంటే నీ కార్యక్రమం సగం అయినట్టే. ప్లంబర్ దగ్గర అంచనా ముందే రాయించి పెట్టుకో, అక్కడికక్కడే ఒప్పించు. మిద్దె మీదికి కూడా తీసుకెళ్లు. పైపు మూతుల దగ్గర జాలీ ఉందా, ఎండుటాకులు అడ్డం పడ్డాయా, అసలు ఆ పైపు గుంతలోకే దిగుతోందా లేక నేరుగా వీధి కాలువలోకి పోతోందా అనేది చూపించు. కొన్ని బిల్డింగుల్లో ఎవరో రిపేరు చేయిస్తూ పైపును రోడ్డు వైపు తిప్పేసి ఉంటారు.

అక్కడే ఒక లెక్క కూడా చెప్పు. పదివేల చదరపు అడుగుల మిద్దె మీద 5 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 46 వేల లీటర్లు. చెమ్మకీ చిందడానికీ అయిదో వంతు తీసేసినా 12 వేల లీటర్ల ట్యాంకర్లు మూడు. మన ఊళ్లో ఏడాదికి సగటున సుమారు 140 సెంటీమీటర్లు పడుతుంది, మిగతా లెక్క పిల్లల్నే వేయమను. ట్యాంకర్ల బిల్లు కడుతున్న సెక్రటరీ గారు ఆ లెక్క వినేటప్పుడు ఆయన మొహం చూడు.

ఇక ప్రపంచ సమస్యలు ఎక్కడికి పోయాయంటావా, ఇందులోనే ఉన్నాయి. మీ బిల్డింగ్‌లో తెలుగువాళ్లు ఎక్కువ కదా, పిల్లలకు కృష్ణ నీళ్ల కథ చెప్పు. మహారాష్ట్రలో మహాబలేశ్వర్ దగ్గర పుట్టిన నది శ్రీశైలం దాకా వచ్చి, అక్కడి నుంచి పోతిరెడ్డిపాడు, సోమశిల, కండలేరు మీదుగా దిగి, కండలేరు నుంచి 152 కిలోమీటర్ల కాలువలో ఊత్తుకోట దగ్గర తమిళనాడులో అడుగుపెట్టి పూండి జలాశయం చేరుతుంది. 1983లో ఒప్పందం కుదిరింది, ఏడాదికి 12 టీఎంసీలు ఇవ్వాలి, 1996లో మొదటిసారి నీళ్లు వచ్చాయి. ఒప్పందంలో ఉన్నంతా ప్రతి ఏడాదీ రాదు. పడమటి కనుమల్లో వాన తప్పితే ఆ లోటు మన కుళాయి దాకా వస్తుందని పటం మీద వేలు పెట్టి చూపిస్తే, వాతావరణ మార్పు అంటే ఏమిటో పదేళ్ల పిల్లకి కూడా అర్థమవుతుంది.

2019 జూన్‌లో మన ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ దాదాపు ఎండిపోతే జులైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు, ఒక్కో రైలుకి 25 లక్షల లీటర్లు. అంతకు నాలుగేళ్ల ముందు, 2015 డిసెంబరులో, ఇదే ఊరు నీళ్లలో మునిగింది, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి మళ్లీ మునిగింది. మా వీధిలో ఉన్నవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. వచ్చిన వాన నిలవడానికి చోటు లేకుండా చేసుకున్నాం, అసలు బాధ అక్కడుంది. పళ్లికరణై చిత్తడి నేల మీ మేడవాక్కానికి కూతవేటు దూరంలో ఉంది, 2022లో దానికి రామ్‌సార్ గుర్తింపు, అంటే ప్రపంచస్థాయిలో ముఖ్యమైన చిత్తడి నేలన్న గుర్తింపు వచ్చింది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వలస పక్షులు దిగే టైముకి ఒక ఆదివారం పొద్దున్నే అందరినీ అక్కడికి నడిపించు. ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం, దానికి దగ్గరి ఆదివారం చూసుకుంటే సరిపోతుంది.

నోటీసు తమిళంలో ముందు రాయించు, తర్వాత తెలుగు, ఇంగ్లిష్. ఇది తెలుగువాళ్ల కార్యక్రమం అన్న ముద్ర పడిందంటే సగం బిల్డింగ్ రాదు. హౌస్‌కీపింగ్ చేసే అమ్మలను టీలు అందించడానికి కాకుండా మాట్లాడటానికి పిలువు. మన చెత్తలో వాళ్ల చేతికి తగిలే బ్లేడ్లు, గాజు పెంకులు, కాగితం కూడా చుట్టకుండా పడేసిన ప్యాడ్ల గురించి వాళ్లలో ఒకావిడ అయిదు నిమిషాలు చెబితే మర్నాటి నుంచి బుట్టలు వేరవుతాయి. ఆవిడకి ముందు వరసలో కుర్చీ వేయించు, ఆ గంటకు జీతం కట్ చేయొద్దని సూపర్‌వైజర్‌తో ముందే మాట్లాడు. ముఖ్య అతిథి ఎవరైనా సరే పదిహేను నిమిషాలే.

తిండి విషయం చెప్పక్కర్లేదనుకుంటా. అరటాకుల్లో పులిహోర, స్టీల్ గ్లాసుల్లో మజ్జిగ, ఫ్లెక్స్ బదులు గుడ్డ బ్యానర్. ఇక్కడ ప్లాస్టిక్ కప్పులు, నీళ్ల ప్యాకెట్లు 2019 జనవరి 1 నుంచే నిషేధం.

ఎవరో ఒకరు లేచి 'ఫ్యాక్టరీలను వదిలేసి మా మీద పడతారేంటి?' అని కచ్చితంగా అంటారు. వాదించకు, ఆ మాటలో నిజం ఉంది. ఏసీ వేసుకున్నవాళ్లను, కారున్నవాళ్లను సిగ్గుపడేలా చేయడం మన పని కాదు. అలా అడిగినవాళ్ల చేతికే కాగితం ఇచ్చి, మీ వీధి కాలువ పూడిక గురించి మీ వార్డు ప్రతినిధికి అర్జీ రాయించు, అందరి సంతకాలూ పెట్టించు, మీ ఏరియాలో ప్రజల సభ జరిగినప్పుడు వాళ్లనే పట్టుకెళ్లి మాట్లాడమను. గట్టిగా మాట్లాడేవాళ్లు మనకు కావాలి.

మీ మిద్దె ఎన్ని చదరపు అడుగులో, గుంతలు ఎన్ని ఉన్నాయో వాచ్‌మన్‌ని కనుక్కుని రాయి, లెక్క నేను వేసి పంపుతాను. నోటీసు తమిళం మా పక్కింటి టీచరమ్మ దిద్దిపెడతానంది, చిత్తుప్రతి ఈ వారంలోనే పంపించు.

మీ పెద్దమ్మ