ట్యాంకర్ వెనక బోర్డు చదవడం వస్తే సేఫ్టీ ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది గాజువాక. నాన్న పెట్రోల్ ట్యాంకర్ డ్రైవర్, నేను బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనల్ ఇయర్. సేఫ్టీ ఆఫీసర్ అవ్వాలని ఉంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల కోర్సు చేస్తే చాలు, ట్యాంకర్ల మీద గుర్తులన్నీ నేర్పి ఉద్యోగం ఇప్పిస్తాం అంటున్నారు. చేరమంటారా?

జవాబు: ఇప్పుడే డబ్బు కట్టకు తమ్ముడూ. ఆ గుర్తులు నేర్పే మాస్టారు మీ ఇంట్లోనే ఉన్నారు. ప్రమాదకర సరుకు తోలాలంటే మూడు రోజుల ట్రైనింగ్ చేసి లైసెన్సులో ఎక్కించుకోవాలి కాబట్టి నాన్నగారికి ఆ పాఠం అయ్యే ఉంటుంది, క్యాబిన్‌లో ట్రెమ్ కార్డు (ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసి ఉండే కాగితం) కూడా ఉంటుంది, అడిగి తీసుకుని చదువు.

తర్వాత బండి వెనక నిలబడి బోర్డు చూడు. 3వైఈ, 1203, ఎర్ర డైమండ్‌లో మంట బొమ్మ, దాని అడుగున మళ్లీ 3, ఒక ఫోన్ నంబరు. ఆ రెండు 3లూ ఒకటే అనుకుంటారు చాలామంది, కాదు. డైమండ్‌లో 3 అంటే మండే ద్రవం, 3వైఈ ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే కోడ్, అందులో 3 అంటే మంట ఆర్పడానికి నీళ్లు కాదు, నురగ కొట్టాలని. వై అంటే శ్వాస పరికరం పెట్టుకోవాలి, కారిన సరుకు కాలువల్లోకి పోకుండా అడ్డుకోవాలి, ఈ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి చూడాలి. 1203 పెట్రోల్ నంబరు. క్లోరిన్‌కి 1017, సల్ఫ్యూరిక్ యాసిడ్‌కి 1830, ఆ యాసిడ్ బండికి సగం తెలుపు సగం నలుపు డైమండ్, అందులో చేతి మీదా లోహం మీదా పడుతున్న చుక్కలు.

రంగు ఒక్కటే చూసి ఆగిపోకు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. 2020 మే 7న మన విశాఖలో లీకైన స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడేది) కూడా రవాణా లెక్కలో ఎర్ర డైమండే, మండే ద్రవమే, నంబరు 2055. కానీ ఆ తెల్లవారుజామున మనుషుల ప్రాణాలు తీసింది మంట కాదు, ఆవిరి. కెమిస్ట్రీ చదివినవాడివి, నంబరు చూడగానే ఆ పదార్థం గాలిలో కలిస్తే ఏం చేస్తుందో, నీళ్లు తగిలితే ఏం చేస్తుందో నీకు గుర్తు రావాలి. అదే నీ బలం.

ఇక ఉద్యోగం సంగతి. ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే సాధారణంగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా కావాలి, దాంతోపాటు పని అనుభవం, అదీ ఇంజనీరింగ్ వాళ్ల కంటే సైన్స్ డిగ్రీ వాళ్లని ఎక్కువ ఏళ్లు అడుగుతారు. అందుకే ముందు పరవాడలోనో అచ్యుతాపురంలోనో ఒక ఫ్యాక్టరీ ప్రొడక్షన్‌లో చేరి షిఫ్టులు చెయ్యి, డిప్లొమా తర్వాత. ఫ్యాక్టరీ వద్దనుకుంటే పోర్టులో ఐఎండీజీ కోడ్ (ఓడల్లో ప్రమాదకర సరుకు పంపే అంతర్జాతీయ నియమాలు), ఎయిర్ కార్గోలో డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) ఆమోదించిన డేంజరస్ గూడ్స్ ట్రైనింగ్, ఆ దారులూ ఉన్నాయి.

ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లని ఒక్కటే అడుగు, మీ సర్టిఫికెట్‌తో ఫ్యాక్టరీల శాఖ నన్ను సేఫ్టీ ఆఫీసర్‌గా ఒప్పుకుంటుందా అని, జవాబు కాగితం మీద రాసి ఇమ్మను. ఇవ్వకపోతే లేచి వచ్చెయ్యి.