కత్తెర పట్టే ముందు

చిన్నీ,

ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు) చిత్రకారులు వేసిన పాత బొమ్మల్లో సంతకొచ్చిన ఆడవాళ్ళ బట్టలు నీ చేత్తో కుట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత ముచ్చటేసిందో! ఉన్ని గుడ్డ అప్పుడే కొనేశావనగానే గుబులు పట్టుకుంది. దాని మీద ఇంకా కత్తెర పెట్టలేదు కదా? పెట్టకు.

ముందు అంచు నుంచి రెండు పోగులు లాగి కాల్చి చూడు. ఉన్నయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మసి నలిపితే పొడవుతుంది. కరిగి గట్టి పూసలా మారిందంటే పాలిస్టర్ కలిసినట్టే. ఆ గుడ్డతో పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వను, ఎంత పోసి కొన్నా సరే. ఎరుపు తీసుకున్నావట. అక్కడి ఎరుపు మాడర్ వేరుది, మన మంజిష్ఠకు చుట్టమే. ఇటుక ఛాయకు దగ్గరగా ఉంటే చాలు, కుంకుమ ఎరుపు వద్దు.

ఒక్క బొమ్మనే నమ్ముకోకు. బ్యూకెలార్ 1569–70లో వేసిన నాలుగు బొమ్మలు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి, ఆర్ట్‌సెన్ 1559లో వేసిన వంటమనిషి బ్రస్సెల్స్‌లో ఉంది. పెద్దవి చేసి ముడతలు చూడు. గుడ్డ మందమెంతో, బిగువెక్కడుందో అవే చెబుతాయి. వీపు కనబడే బొమ్మ ఒకటైనా వెతుకు.

లోపలి కమీజుకి లినెన్. వేడినీళ్ళలో రెండుసార్లు ఉతికాకే కొయ్యి. చంకలో చదరపు ముక్క మరిచిపోకు, లేకపోతే చెయ్యెత్తగానే చిరుగుతుంది.

ఇక కిర్టిల్. మన రవికెనీ పరికిణీనీ కలిపి కుట్టినట్టుండే గౌను, ముందు వైపు తాడుతో బిగించుకునేది. పైభాగానికి లోపల గట్టి లినెన్ రెండు పొరలు వెయ్యాలి, రొమ్ముకు ఆసరా ఆ బిగువే. ఇక్కడే అందరూ చేసే తప్పు, నేనూ చేసిన తప్పు: ముందు రెండంచులూ కలిసేలా కొయ్యడం. అద్దంలో ఎంతో తీరుగా కనిపిస్తుంది. కాసేపు తిరిగేసరికి ఒంటి వేడికి గుడ్డ సాగుతుంది. తాడు బిగిద్దామంటే అంచులు అప్పటికే ఆనుకుని ఉంటాయి, లాగడానికి చోటుండదు. పైభాగం వదులై లంగా బరువంతా భుజాల మీద పడుతుంది, నడుము కిందికి జారుతుంది. అప్పుడు పక్క కుట్లు విప్పుకోవడం తప్ప దారి లేదు. అందుకే పాత దుప్పటితో నమూనా కుట్టు. అది ఒంటికి అతికాక ముందు నడిగీత దగ్గర ఒక్కో వైపు రెండు, రెండున్నర సెంటీమీటర్లు తీసెయ్యి. ఆ సందులో తెల్ల కమీజు కనబడుతుంది. బొమ్మల్లోనూ చాలామందికి కనబడేదదే.

తాడు పడే అంచు నిలువు పోగు వెంట నిటారుగా రావాలి తల్లీ. రొమ్ము ఒంపు కోసం అక్కడ క్రాస్ కోశావంటే అంచు సాగి అలలు తేలుతుంది. ఒంపు పక్క కుట్లలో తీసుకో. బెజ్జాలు కత్తితో కొయ్యకు. దబ్బనంతో పోగుల్ని పక్కకు జరిపి, చుట్టూ లినెన్ దారంతో దగ్గర దగ్గరగా కుట్టు. పోగు తెగదు కాబట్టి ఎంత లాగినా ఓర్చుకుంటుంది. రెండు సెంటీమీటర్లకొకటి చాలు. తాడు ఒక్కటే, అడుగున ముడివేసి నిచ్చెన మెట్లలా పైకెక్కించు. బూటు లేసులా అడ్డదిడ్డంగా వద్దు.

లంగా గేరు మూడు మీటర్లు. నడుము అంచున సమానమైన పెద్ద కుట్లు రెండు వరసలు, ఒకదాని కిందొకటి వేసి లాగితే కుచ్చిళ్ళు గొట్టాల్లా నిలబడతాయి. చేతులు విడిగా కుట్టి భుజం దగ్గర గుండుసూదులతో పెట్టుకో. చీరకి పెట్టే పిన్నీసు వద్దు, అది 1849లో పుట్టింది.

నమూనా కాగానే ఫొటోలు పంపు. వీపు వైపు నుంచి ఒకటి, రెండు చేతులూ పైకెత్తి ఒకటి. అవి చూసి నేను సరేనన్నాక ఎర్ర గుడ్డ పరుద్దువుగాని.

మీ పెద్దమ్మ