తమ్ముడికి, కాలువ గట్టు నడక గురించి

చిరంజీవి తమ్ముడికి,

అన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ మరదలూ పాత ఇంటికి సున్నాలు వేయించుకుని ఊళ్ళోనే స్థిరపడ్డారని విని మీ వదిన ఎంతో సంతోషించింది. మొన్న ఫోనులో నువ్వు చెప్పిన సంగతి మాత్రం రెండు రోజులుగా నా మనసులో తిరుగుతూనే ఉంది. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకు కుర్చీలో కూర్చుని అరవై ఒకటో ఏట ఊరు చేరావు. మూడు నెలల సగటు చక్కెర 7.2 వచ్చింది, బరువు 84 కిలోలకు చేరింది, డాక్టరుగారు రోజూ నడవమన్నారు. అందుకని సోమవారం నుంచి, చిన్నప్పుడు బడికి వెళ్ళినట్టే, రోజూ కాలువ మీది లాకుల (పడవలను దాటించే తలుపుల) దాకా వెళ్ళి వస్తానన్నావు. లాకులు మీ ఇంటికి మూడున్నర కిలోమీటర్లు, రానుపోను ఏడు. ఆ పని ఇప్పుడే చేయవద్దని చెప్పడానికీ, దాని బదులు ఎలా మొదలుపెట్టాలో చెప్పడానికీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నడక మరిచిపోయిన ఒంటికి సత్తువ తిరిగి వచ్చేటప్పుడు అన్ని భాగాలకూ ఒక్కసారే రాదు. ముందు ఊపిరి పుంజుకుంటుంది. మొదటి రోజు వంతెన ఎక్కేసరికి వచ్చిన ఆయాసం నెల తిరిగేసరికి రాదు. కండరాలకు ఇంకొంత కాలం పడుతుంది. ఇక కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు, పాదం అడుగున మడమ నుంచి వేళ్ళ దాకా ఉండే పట్టీ, మోకాటి చుట్టూ ఉండే బంధనాలు, వీటికి రక్తం చాలా తక్కువగా అందుతుంది కాబట్టి ఇవి నెలల తరబడి నిదానంగా గట్టిపడతాయి. మన వయసులో మరీ నిదానంగా. అందువల్ల మొదటి వారం కన్నా నాలుగో వారం, ఐదో వారం ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసిన కాలం. అప్పటికి ఆయాసం పోతుంది, ఒళ్ళు తేలికపడుతుంది, ఇంకా నడవగలననే ధైర్యం వస్తుంది. కాళ్ళు మాత్రం ఇంకా సిద్ధంగా ఉండవు.

ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. అరవై మూడో ఏట నడక మొదలుపెట్టిన ఐదో వారంలో, కార్తీకమాసపు చల్లని ఉదయం, అలుపన్నదే తెలియక లాకులు దాటి పై ఊరి వంతెన దాకా పోయి వచ్చాను. మొత్తం పదకొండు కిలోమీటర్లు. ఆ రోజంతా ఎంతో ఉత్సాహంగా ఉన్నాను. మర్నాడు తెల్లవారి మంచం దిగి కుడి పాదం గచ్చు మీద మోపగానే మడమలో మేకు దిగినట్టయింది. నాలుగు అడుగులు వేశాక కొంత సర్దుకునేది, కాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ అదే పోటు. ఆ నొప్పి తగ్గడానికి నాలుగు నెలలు పట్టింది. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకు అదిమి పిక్కను సాగదీయడం రోజుకు మూడు సార్లు చేశాను. ఇంట్లో కూడా మెత్తని చెప్పులు లేకుండా తిరగలేదు. నువ్వు ఆ నాలుగు నెలలు పోగొట్టుకోకూడదని నా తాపత్రయం.

మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టరుగారిని కలిసి, నడక మొదలుపెడుతున్నానని చెప్పి, బీపీ, ఈసీజీ చూపించుకో. నడిచేటప్పుడు ఛాతీ బిగపట్టినట్టున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, కళ్ళు తిరిగినా, నడక ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గ్యాసు అని సరిపెట్టుకోవద్దు. నువ్వు వేసుకునే మెట్‌ఫార్మిన్ ఒక్కదానితో చక్కెర పడిపోవడం అరుదు. ముందు ముందు గ్లిమెపిరైడ్ వంటి మాత్రో ఇన్సులినో చేరిస్తే మాత్రం పరగడుపున నడవవచ్చునో లేదో అడిగి తెలుసుకో. ఏమైనా జేబులో మూడు చెంచాల పంచదార పొట్లం ఉంచుకో. చెమటలు పట్టి, చేతులు వణికి, బుర్ర మసకబారితే అది వెంటనే నోట్లో వేసుకోవాలి.

ఇక నడక. దూరం లెక్క వదిలిపెట్టి గడియారం లెక్క పట్టుకో. మొదటి రెండు వారాలు ఇంటి దగ్గర బయలుదేరి పుంత (బండిబాట) వెంట పది నిమిషాలు ముందుకు వెళ్ళు. ఎక్కడ ఉంటే అక్కడ వెనక్కి తిరుగు. అది మీ కొబ్బరితోట చివరి తూము దాకా వస్తుందనుకుంటాను. మూడో వారం నుంచి రానుపోను మొత్తం మీద వారానికి ఐదు నిమిషాల చొప్పున కలుపుకుంటూ పో. ఈ లెక్కన లాకుల దాకా వెళ్ళి వచ్చే రోజు మూడో నెల చివరికో నాలుగో నెలకో వస్తుంది. వేగం తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కాని పద్యం ఎత్తుకుని పాడలేకపోవాలి. అదే సరైన వేగం. చెప్పుకోదగ్గ ఆయాసం లేకుండా రాగం తీయగలుగుతుంటే కొంచెం వేగం పెంచు. మాట మధ్యలో తెగిపోతుంటే తగ్గించు.

మీ అబ్బాయి చేతికి గడియారం పెట్టి పదివేల అడుగులు వేయాలన్నాడని చెప్పావు. ఆ పదివేల లెక్క 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరు నుంచి పుట్టింది. వైద్యులు కొలిచి చెప్పిన హద్దు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. నీకు రెండో నెల ముగిసేలోగా ఆ మెట్టు అందుతుంది. అబ్బాయి ప్రేమతో ఇచ్చిన గడియారం తప్పక పెట్టుకో, కాని సాయంత్రం అంకె తక్కువైందని చీకట్లో మళ్ళీ రోడ్డెక్కవద్దు.

నడకకు మన కాలువ గట్టు కన్నా మంచి చోటు నాకు తెలియదు. గోదావరి మీద కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా కాలువలు నీటి పారుదలకే కాక పడవ ప్రయాణాలకూ దారి అయ్యాయి. తాడు కట్టి పడవను లాగే మనుషులు ఈ గట్ల మీదే నడిచారు. అందుకే మైళ్ళ తరబడి ఎత్తుపల్లాలు లేకుండా చదునుగా సాగుతుంది, చెట్ల నీడా ఉంటుంది. తారు రోడ్డు కన్నా మట్టి గట్టు మోకాలికి మెత్తన. అయితే మన నల్ల రేగడి నాలుగు చినుకులు పడితే సబ్బులా జారుతుంది. జారుడు నేల మీద మడమ ముందు వేసి నడిస్తే పాదం ముందుకు కొట్టుకుపోతుంది. అడుగు పొట్టిగా వేసి, పాదం మొత్తం ఒక్కసారే మోపి, మోకాలు కొద్దిగా వంచి నడవాలి. చూపు పాదాల మీద కాక నాలుగు అడుగుల ముందు ఉండాలి. నాట్ల వేళ మన కూలీలు మడిగట్టు మీద నారుకట్టలు మోస్తూ ఎలా నడుస్తారో గమనించు, నేను చెప్పినదంతా వారి కాళ్ళలో కనిపిస్తుంది. ట్రాక్టరు ఎదురైతే కాలువ వైపు ఒదిగి నిలబడవద్దు. గట్టు అంచు లోపల గుల్లబారి ఉంటుంది. చేల వైపు దిగి నిలబడు. చేల మధ్య సన్నగట్ల జోలికి మొదటి ఆరు నెలలు పోవద్దు.

ఏ కాలానికి ఆ పద్ధతి ఉంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మన వైపు ఉక్కపోతకు చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. ఏప్రిల్, మే నెలల్లో ఐదింటికల్లా బయలుదేరి ఆరున్నరకల్లా ఇల్లు చేరాలి. వెళ్ళే ముందు గ్లాసుడు నీళ్ళు, వచ్చాక పలచని మజ్జిగ తాగాలి. నీ బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కలిసి ఉందేమో డాక్టరుగారిని అడుగు. ఉంటే ఎండల్లో తల తిరిగే అవకాశం ఎక్కువ. జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలాక గట్టు మీద గాలే మారిపోతుంది, అప్పుడు నడిచిన వారికి తెలుస్తుంది ఆ సుఖం. సార్వా (వానాకాలపు వరి) కోతలప్పుడు రోడ్డంతా వడ్లు ఆరబోసి ఉంటాయి. ఆ వడ్ల మీద కాలు పెట్టకుండా చుట్టు తిరిగి పో. బరకం మీద ఉన్నది రైతు ఏడాది కష్టం. సంక్రాంతి ముందు పొగమంచులో బండివాడికి నువ్వు కనబడవు కాబట్టి మంచు విడిచాకే వెళ్ళు.

పాముల గురించి మరదలు భయపడుతోందన్నావు. ఆ భయం న్యాయమైనదే, జాగ్రత్త కూడా సులువైనదే. కోతల వేళ ఎలుకల కోసం పాములు చేలగట్ల మీదికి వస్తాయి. రక్తపింజర అలికిడికి తప్పుకునే రకం కాదు, ఎండుటాకుల్లో కలిసిపోయి కదలకుండా పడి ఉంటుంది. అందుకని వెలుతురు రాకముందు నడవవలసి వస్తే చేతిలో టార్చి, కాలికి బూట్లు తప్పనిసరి. ఒకవేళ కాటు పడితే కోయడం, గట్టిగా తాడు కట్టడం, పసరు మందులంటూ తిరగడం వద్దు. కాలు కదపకుండా, 108కి ఫోను చేసి, విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి చేరాలి. కుక్క కరిస్తే, చిన్న గాటైనా సరే, పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే టీకా మొదలుపెట్టించుకో. చేతికర్ర ఉంటే కుక్కలు ఆమడ దూరంలో ఆగిపోతాయి. కర్ర పట్టుకుంటే ముసలితనం అనుకోవద్దు. మోకాలు నొప్పిగా ఉన్న రోజు ఆ కర్రను నొప్పి లేని వైపు చేతిలో పట్టుకోవాలి, చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు.

బూట్లు సాయంత్రం పూట కొనుక్కో. పొద్దుటి కన్నా సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది. నిలబడి చూస్తే పొడుగు వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. చక్కెర ఉన్నవారికి పాదంలో స్పర్శ క్రమంగా తగ్గవచ్చు, తుమ్మముల్లు దిగినా తెలియకపోవచ్చు. రోజూ నడిచి వచ్చాక కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందులు తుడుచుకుని, అరికాలు చూసుకో. కనబడకపోతే మరదలిని చూడమను. గుడికి వెళ్ళే దారిలో తప్ప చెప్పులు లేకుండా నడవవద్దు, అది కూడా ఎండ వేళ వద్దు.

నడక ఒక్కటే చాలదు. వయసుతో తొడల కండ తరుగుతుంది, నడక దాన్ని పూర్తిగా నిలపలేదు. చేతులు ఛాతీ మీద కట్టుకుని, భోజనాల బల్ల కుర్చీలోంచి పది సార్లు లేచి కూర్చో. వారానికి రెండు మూడు రోజులు చేస్తే చాలు. పళ్ళు తోముకునేటప్పుడు ఒక చేత్తో గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడు, మెల్లగా ఆ పట్టు వదలడం నేర్చుకో. సన్నగట్ల మీద నడిచే అర్హత దాని వల్లనే వస్తుంది. రాత్రి భోజనం అయ్యాక వీధిలో పది నిమిషాలు మరదలితో కలిసి తిరుగు. తిన్న వెంటనే కదిలే కాలి కండరాలు రక్తంలోని చక్కెరను తీసుకుని వాడుకుంటాయి కాబట్టి నీ పరీక్షలో ఆ తేడా తెలుస్తుంది. బరువు మాత్రం నడకతో నువ్వు అనుకున్నంత వేగంగా తగ్గదు, అది చూసి నిరుత్సాహపడకు. అన్నం కొంచెం తగ్గించి పప్పు, గుడ్డు, చేప పెంచు. ఒంటి మీద ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుంది.

జ్వరం వచ్చో, పెళ్ళిళ్ళకు వెళ్ళో రెండు వారాలు నడక తప్పితే, ఆపిన చోట నుంచి కాక అందులో సగం నుంచి మొదలుపెట్టు. నొప్పి విషయంలో నేను పాటించే పద్ధతి ఇది: నడిచాక వచ్చిన నొప్పి మర్నాటి పొద్దుటికి పోతే అదే నడక కొనసాగిస్తాను, మర్నాడూ ఉంటే ఒక రోజు ఆపి, తర్వాత ఐదు నిమిషాలు తగ్గిస్తాను, కీలు వాస్తే డాక్టరుగారి దగ్గరికి వెళతాను.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, నిమిషాలు, ఎక్కడ నొప్పి వచ్చిందీ రాసుకో. మూడో నెల చివరి ఆదివారం ఆ పుస్తకం తీసుకుని పొద్దున్నే బయలుదేరు. నేను ఇటు నుంచి నడిచి వచ్చి ఆరున్నరకు లాకుల దగ్గర రావిచెట్టు కింద కూర్చుని ఉంటాను. మీ వదిన నీకిష్టమైన పెసరట్లు వేస్తానంది, కాబట్టి మరదలిని ఆటోలో నేరుగా మా ఇంటికి రమ్మను. మనిద్దరం అక్కడి నుంచి నెమ్మదిగా నడిచి వద్దాం.

ఇట్లు,
మీ అన్నయ్య