అక్షరాలు తీసేసే ఆట చదువుకి అడ్డమా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. మేం ఉండేది వనస్థలిపురం, కాలేజీ దిల్‌సుఖ్‌నగర్‌లో. మాటల్లోంచి అక్షరాలు తీసేసే పొడుపులంటే దానికి పిచ్చి. లెక్కల నోట్సు వెనక పేజీలన్నీ అవే. ఇప్పుడు సొంతంగా కూడా కడుతోంది. మొన్నటిది ఇది: "మూడక్షరాల జంతువు. తల తీస్తే ఒంట్లో ఉంటుంది, నడుము తీస్తే ఏడు రోజులు, తోక తీస్తే ఆకాశం నుంచి పడుతుంది." వాళ్ల నాన్నగారికి కోపమొచ్చి ఆ నోట్సు దాచేశారు. ఈ అలవాటు మాన్పించాలా? ఇది పనికొచ్చే చదువేదైనా ఉందా?

జవాబు: వానరం. తల తీస్తే నరం, నడుము తీస్తే వారం, తోక తీస్తే వాన. మూడూ అచ్చమైన మాటలే, ఎక్కడా సాగదీయలేదు. అమ్మా, ముందు ఆ నోట్సు తిరిగి ఇప్పించండి.

మాన్పించొద్దు. అలాగని దీనివల్ల ఎంట్రన్సులో మార్కులొస్తాయనీ అనుకోవద్దు. ఎప్‌సెట్‌లో ఉండే 160 ప్రశ్నల్లో లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. పొడుపులకి అక్కడ చోటు లేదు, జేఈఈలోనూ లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే స్టాఫ్ సెలక్షన్ సీజీఎల్ పరీక్ష మొదటి దశలో వందకి 25 ప్రశ్నలు రీజనింగే, కానీ అందులో అక్షరాల ప్రశ్నలు ఇంకో రకం. అవి సాధనతో ఎవరికైనా వస్తాయి. మీ అమ్మాయి చేస్తున్నది అంతకంటే అరుదైన పని.

ఇలాంటి పొడుపు ఇస్తే చాలామంది ఏం చేస్తారు? జంతువుల పేర్లు వరసగా తలుచుకుంటారు. కొందరు చిన్న ముక్కల దగ్గర పట్టుకుంటారు. ఏడు రోజులంటే వారం, కాబట్టి మొదటి అక్షరం వా, చివరిది రం. ఆకాశం నుంచి పడేది, వా తో మొదలయ్యేది వాన, కాబట్టి నడిమి అక్షరం న. అంటే రెండు ఆధారాలతోనే జవాబు తేలిపోయింది. మూడోది, ఆ నరం, సరిచూసుకోవడానికి. తెలియని రాశులు మూడైనా రెండు సమీకరణాలే ఎందుకు సరిపోయాయో అమ్మాయినే అడగండి. ఒక్కో ఆధారం రెండేసి అక్షరాలు చెబుతోందని తడుముకోకుండా చెప్పిందంటే, లెక్కల నోట్సు వెనక పేజీల్లో జరుగుతున్నదీ లెక్కలేనని వాళ్ల నాన్నగారికి చెప్పొచ్చు.

పొడుపు విప్పడం కన్నా కట్టడం కష్టం. మూడు వైపులా కోసినా మాట మిగలాలి కదా. నగరం చూడండి: నడుము తీస్తే నరం, తోక తీస్తే నగ, తల తీస్తే గరం. మన హైదరాబాద్‌లో గరం చాయ్ తాగేవాళ్లెవరూ దీన్ని తప్పనరు, రాజమండ్రి పెద్దలెవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఈ ఆట ఇప్పటిది కూడా కాదు. ఏడో శతాబ్దంలో బాణభట్టు కాదంబరిలో శూద్రకమహారాజు పొద్దుపుచ్చే వినోదాలు చెబుతూ అక్షరచ్యుతకం (మాటలోంచి అక్షరం తీసే ఆట), మాత్రాచ్యుతకం (గుణింతపు గుర్తు తీసే ఆట) కూడా చేర్చాడు. అమ్మాయిది రాజుగారి కాలక్షేపమేనని ఇంట్లో చెప్పి చూడండి, కోపం కాస్త తగ్గొచ్చు.

ఇక చదువు సంగతి. ఈ వేసవిలో అమ్మాయిని ఒక పని చెయ్యమనండి: ఈ పొడుపులు విప్పే చిన్న ప్రోగ్రాం పైథాన్‌లో రాయమనండి. మొదటి రోజే చిక్కు వస్తుంది. వానరంలో ఎన్ని అక్షరాలని అడిగితే కంప్యూటర్ ఐదంటుంది. వ, దీర్ఘం, న, ర, సున్న - ఐదూ దానికి విడివిడి గుర్తులు. చివరిది తీసెయ్యమంటే వాన రాదు, సున్న ఊడిపోయి వానర మిగులుతుంది. నందిలో సున్న తీస్తే నది, పందిలో సున్న తీస్తే పది, అక్కడ మాత్రం కంప్యూటర్‌కీ మనకీ పేచీ లేదు. గడ్డిలో ఒత్తు తీసి గడి చెయ్యాలంటే మళ్లీ తంటా, ఎందుకంటే దాని లెక్కలో ఒత్తు అంటే అక్షరంలో అచ్చు లేదని చెప్పే హలంతు గుర్తు ఒకటి, దాని పక్కన ఇంకో డ. మనం అక్షరం అనుకునేదాన్ని యంత్రానికి ఎలా నేర్పాలి? ఆ ప్రశ్న పట్టుకుని అమ్మాయి వారం రోజులు వదలకుండా కూర్చుంటే, ఏ దారి పట్టాలో మనకి తెలిసిపోయినట్టే. విసుగొచ్చి వదిలేస్తే పొడుపులు సరదాగా ఉంచుకుని ఇంకే ఇంజినీరింగైనా చదువుకోవచ్చు, నష్టం లేదు.

ఆ దారి మీ ఊళ్లోనే ఉంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్, భాషని కంప్యూటర్‌కి నేర్పే కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో రీసెర్చ్ ఎంఎస్ కలిపి ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీ ఉంది. దానికి జేఈఈ ర్యాంకు లేకపోయినా యూజీఈఈ అనే వాళ్ల సొంత పరీక్ష రాసి వెళ్లొచ్చు. అందులో ఒక భాగం ఎంపీసీ సబ్జెక్టులది. రెండోది పరిశోధన మీద ఆసక్తిని, తర్కాన్ని చూసేది, పొడుపులు విప్పే బుర్ర పనికొచ్చేది ఇక్కడే. తర్వాత ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. సీట్లు తక్కువ, ఫీజు ఎక్కువ, అది ముందే తెలుసుకుని దిగండి. చదువయ్యాక చేసే పనులు అనువాద యంత్రాలు, మాటని రాతగా మార్చే సాఫ్ట్‌వేర్, తెలుగు అక్షరదోషాలు పట్టే పరికరాలు, ఇలాంటివి. కంప్యూటర్ వద్దు, భాష ఒక్కటే చాలు అనుకుంటే డిగ్రీ తర్వాత భాషాశాస్త్రం, అంటే లింగ్విస్టిక్స్‌లో ఎంఏ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో, ఉస్మానియాలో ఉంది. ఆ దారిలో ఉద్యోగం రావడానికి ఎక్కువ కాలం పడుతుంది.

అంతకన్నా ముందు, ఇంకా ఇంటర్‌లో ఉండగానే రాయదగ్గది పాణిని లింగ్విస్టిక్స్ ఒలింపియాడ్. అంతర్జాతీయ లింగ్విస్టిక్స్ ఒలింపియాడ్‌కి మన దేశం జట్టుని ఎంచుకునేది దీంతోనే. ఆ పోటీ 2003లో బల్గేరియాలో మొదలైంది, 2016లో మైసూరులో జరిగింది. ఎప్పుడూ వినని భాషలోవి కొన్ని వాక్యాలు, వాటి అర్థాలు ఇస్తారు. వాటిని బట్టి ఆ భాష వ్యాకరణం మనమే లాగాలి. ముందుగా చదివి పెట్టుకోవాల్సిన సిలబస్ లేదు, పాత ప్రశ్నలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. డిగ్రీలో చేరిపోతే అంతర్జాతీయ పోటీకి అర్హత పోతుంది కాబట్టి ఈ రెండేళ్లే అవకాశం.

టైం గురించి వాళ్ల నాన్నగారితో ఒక ఒప్పందానికి రండి. కాలేజీ, స్టడీ అవర్లు ఉన్న రోజుల్లో పొడుపులు బస్సులోనే. ఆదివారం పొద్దున రెండు గంటలు పూర్తిగా అమ్మాయివి, ఎవరూ అడ్డుపడకూడదు. ఒలింపియాడ్ పాత ప్రశ్నల్లో ఒకటి ఈ ఆదివారం ప్రింటు తీసి ఇవ్వండి. కుదిరితే ఇంకో కాపీ తీసి వాళ్ల నాన్నగారికీ ఇవ్వండి.